తాతయ్య గొంతూ, భారతక్క లెక్కా

పోయిన నెలలో మా బాబాయి కూతురు శ్రావ్య నా ఫోనుకి కొన్ని ఫైళ్ళు పంపింది. రావులపాలెంలో పాత ఇల్లు బాగు చేయిస్తుంటే అటక మీద, కంప్యూటర్ వచ్చిన అట్టపెట్టెలో, ఒక ఫ్లాపీ దొరికిందట. కాకినాడలో పాత మెషిన్లు దాచుకునే ఆయన ఒకరుంటే ఆయన చేత చదివించిందట. "అన్నయ్యా, ఇందులో తాతయ్యగారి గొంతు ఉందంటున్నారు నాన్న. ఏ ఫోన్లోనూ తెరుచుకోవట్లేదు. అప్పట్లో నువ్వే చేశావట కదా, ఎలా వినాలో చెప్పు" అని కింద రాసింది. శ్రావ్య పుట్టేసరికి తాతయ్య ఉన్నారు గానీ తాతయ్యకి గొంతు లేదు. ఆయన ఒళ్ళో పెరిగింది, ఆయన పలక మీద రాస్తే చదివింది, ఆయన మాట మాత్రం ఒక్కటీ వినలేదు.

ఆ ఫైళ్ళు ఫోన్లో తెరుచుకోకపోవడం సహజమే. వాటికి తలా తోకా ఉండవు. ఇది ఫలానా రకం శబ్దం, ఇంత వేగంతో వినిపించాలి అని చెప్పే మొదటి మాట కూడా లేదు, ఉత్త అంకెలు. ఆ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. సెకనుకి ఎనిమిది వేల అంకెలు, ఒక్కో అంకె ఒక్కో బైటు అని దానికి చెప్పి మొదటి ఫైలు నొక్కాను. బియ్యం చెరిగినట్టు ఒక గరగర. ఆ గరగర లోంచి, అరటిపళ్ళ యార్డు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర లారీ డ్రైవర్ లేచి కూర్చునే గొంతు, "బావగారండీ" అంది. నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఎవరొచ్చారని అడిగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ "బావగారండీ". అలా ఎన్నిసార్లు నొక్కానో చెప్పలేను. ఆ తర్వాత మిగిలిన ఫైళ్ళ పేర్లు చూస్తూ కిందికి వచ్చాను. ఆఖరి ఫైలు పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. అది ఉంటుందని నేను అనుకోలేదు.

మా తాతయ్య రావులపాలెం మార్కెట్లో అరటి గెలల పాట పాడేవారు. రైతులు తెచ్చిన గెలలు వరసగా నిలబెడితే, వాటి మధ్య నడుస్తూ, కొనేవాళ్ళని రెచ్చగొడుతూ, బుజ్జగిస్తూ, ధర పైకి లాగేవారు. తెల్లారగట్ల మార్కెట్‌కి వెళ్ళేముందు ఇత్తడి చెంబుడు వేడినీళ్ళు తాగి, పెరట్లో అరటి చెట్లకేసి తిరిగి ఒకసారి గొంతు సవరించుకుంటే మా ఇంట్లో ఎవరికీ అలారం అక్కర్లేకపోయేది. ఆయన చొక్కాలకి ఎప్పుడూ రెండు వాసనలు, అరటి జిగురూ, చుట్ట పొగా. జిగురు మరకలు చాకలికి పోయేవి కావు, చుట్ట నాయనమ్మ ఎంత గొడవపడినా మానేవారు కాదు. ఇంటికి ఎవరొచ్చినా వరస పెట్టి పిలిచి అన్నానికి కూర్చోబెట్టడం ఆయనకి రెండో ఉద్యోగం. మా వైపు శుభకార్యంలో ఆకులు వేశాక ఇంటి పెద్ద స్వయంగా వచ్చి, వరసతో పిలిచి, భోజనానికి లేవండి అనాలి. ఆ పిలుపు పడకపోతే ఆకలితో కళ్ళు తిరుగుతున్నా కుర్చీలోంచి లేవని మహానుభావులున్నారు. మరీ ముఖ్యంగా వియ్యాలవారు. తాతయ్య పందిట్లో ఒక్కసారి తిరిగి వచ్చారంటే పందిరి ఖాళీ.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. కాకినాడ డాక్టరుగారు ఆపరేషన్ చెయ్యాలన్నారు, ప్రాణానికి భయం లేదు గానీ మాట మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. ఇంట్లో అందరూ ఏడుపు మొహాలు వేసుకుని తిరుగుతుంటే మా పెదనాన్న కూతురు భారతక్క మాత్రం టేపు రికార్డరు పట్టుకుని తాతయ్య గదిలోకి వెళ్ళింది. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది, డిగ్రీలో లెక్కలు చదువుతోంది. నేను ఇంటర్. ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకే బాబాయి పెళ్ళి. పెళ్ళి అయ్యాక మా ఇంటి దగ్గర సత్యనారాయణ వ్రతం, ఆ భోజనాలకి ఆడపెళ్ళివారు వస్తారు. వాళ్ళని పిలవాల్సింది తాతయ్య. తాతయ్యకి ఆనాటికి మాట ఉండదు. ఆయనకి ఆపరేషన్ కంటే అదే పెద్ద బెంగ. అక్క ఆయన ముందు కూర్చుని, "తాతయ్యా, మీరు ఇప్పుడే అందరినీ పిలిచెయ్యండి. నేను దాచి పెడతాను" అంది.

ఆయన పిలిచారు. బావగారండీ అని, అన్నయ్యగారండీ అని, వదినగారండీ అని, మాస్టారండీ, కరణంగారండీ, ఒక్కో వరసా విడిగా. చివర భోజనానికి లేవండి, ఆకులు వేశారు అని. మధ్యలో పంకా చప్పుడు టేపులోకి వెళుతోందని ఆయనకే అనుమానం వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసి "ఫ్యాను ఆపరా వెధవా" అన్నారు. అదీ టేపులోకి ఎక్కింది. అంతా అయ్యాక అక్క టేపు ఆపకుండా మైకు తన నోటి దగ్గర పెట్టుకుని, సిగ్గుపడుతూ ఒక మాట చెప్పింది.

ఆ టేపే వినిపిస్తే పోయేదానికి కంప్యూటర్ ఎందుకే అని బాబాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. టేపులో బావగారి తర్వాత అన్నయ్యగారే వస్తారు బాబాయ్, పందిట్లో ఎవరు ముందొస్తారో నీకు తెలుసా అని అక్క ఎదురడిగింది. ఆవిడ ఊహ వేరు. ఒక్కో వరస ఒక్కో ముక్కగా కంప్యూటర్లోకి ఎక్కించాలి. కీబోర్డు మీద ఒక్కో మీట నొక్కితే ఒక్కో పిలుపు రావాలి. గుమ్మంలోకి వచ్చింది బావగారైతే బావగారి మీట, మాస్టారైతే మాస్టారి మీట. తాతయ్య గుమ్మంలో కూర్చుని నవ్వుతూ చెయ్యి చాస్తే చాలు, గొంతు వెనక నుంచి వస్తుంది.

మా ఇంట్లో ఆ కంప్యూటర్ ఉండటమే ఒక వింత. మార్కెట్ లెక్కలకని బాబాయి కాకినాడలో ఏదో ఆఫీసు వాళ్ళు తీసేస్తుంటే కొనుక్కొచ్చాడు. లెక్కలు మాత్రం గుమాస్తాగారి బుర్రలోనే ఉండేవి. హాల్లో, దేవుడి గూటికీ రేడియో బల్లకీ మధ్య, నాయనమ్మ కుట్టిన గుడ్డ కప్పుకుని కూర్చునేది. దానికి తెలిసిన శబ్దం ఒక్కటే, కీచుమనడం. దానిచేత మనిషి గొంతు పలికించడమెలాగో నాకు అంతు చిక్కలేదు. అక్క నన్ను కాలవ గట్టుకి తీసుకెళ్ళి చూపించింది. లాకుల దగ్గర గోడ మీద నీటిమట్టం గీతలుంటాయి. పడవ వెళితే అల లేస్తుంది, నీళ్ళు ఒక గీత పైకి, రెండు గీతలు కిందికి వెళతాయి. "ఆ గీతల అంకెలు గబగబా రాసుకుంటూ పోయామనుకో, ఆ కాగితం చూసి ఆ అలని మళ్ళీ లేపచ్చు కదరా. గొంతు కూడా అలే" అంది. గాలిలో అల. సెకనుకి ఎనిమిది వేల సార్లు మట్టం చూసి రాసుకోవాలి, అంతే. నేను ఆ రోజు కాలవ వైపు ఎంతసేపు చూశానంటే, లాకుల బంట్రోతు ఏం పడేసుకున్నారండీ అని అడిగాడు.

ఆ తర్వాత జరిగిందంతా నాకు ఇప్పటికీ పండగే. టేపు ఒళ్ళో పెట్టుకుని బస్సులో కాకినాడ వెళ్ళాం. అక్క స్నేహితురాలి అన్నయ్య పని చేసే కంప్యూటర్ సెంటర్లో శబ్దాన్ని అంకెలు చేసే కార్డు ఉండేది. అక్కడ తాతయ్య గొంతు ముక్కలు ముక్కలుగా ఫ్లాపీ మీదికి ఎక్కింది. మా ఇంటి మెషిన్‌కి ఆ కార్డు లేదు. అక్క రాజమండ్రిలో రేడియో రిపేరు షాపు నుంచి చిన్న చిన్న రెసిస్టర్లు తెచ్చి, ప్రింటర్‌కి వెళ్ళే తీగలకి నిచ్చెన మెట్లలా అతికించింది. ప్రింటర్‌కి అక్షరాలు వెళ్ళే దారినే అంకెలు వెళతాయి, ఆ నిచ్చెన వాటిని అలగా మారుస్తుంది, ఆ అల తాతయ్య రేడియో వెనక కన్నంలోకి వెళుతుంది. వంటింట్లో నాయనమ్మ వెన్న కాస్తోంది, హాల్లో అక్క సోల్డరు కాలుస్తోంది. రెండు వాసనలూ కలిసిపోయి, నాకిప్పుడు ఎక్కడ వెన్న కాచినా కంప్యూటరే గుర్తొస్తుంది.

మొదటిసారి మీట నొక్కినప్పుడు ఏం వచ్చిందనుకున్నారు? ఉడతపిల్ల అరిచినట్టు "కికికీ" అని. నేను నీరుకారిపోయాను. అక్క మాత్రం చెవి దగ్గర పెట్టి మళ్ళీ విని, ఇది తాతయ్యేరా, పరుగెడుతున్నారు అంది. ఆ రోజుల్లో కంప్యూటర్ పెట్టెకి టర్బో అని ఒక బొత్తాం ఉండేది, నొక్కితే మెషిన్ వేగం మారేది. అక్క దాన్ని నొక్కింది. రేడియోలోంచి తాతయ్య నిండుగా, నిదానంగా, "బావగారండీ" అన్నారు. వంటింట్లోంచి నాయనమ్మ, చేతిలో గరిటెతో సహా, "వస్తున్నా వస్తున్నా, కేకలెందుకు" అంటూ వచ్చింది. వచ్చాక గుర్తొచ్చింది, తాతయ్య ఆసుపత్రిలో ఉన్నారని. అలాగే నేల మీద కూర్చుండిపోయి, ఇంకోసారి అనిపించవే అంది. మేం అనిపించాం. నేను హాలంతా గెంతాను. భారతక్క గెంతలేదు, రేడియో మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

ముక్కలన్నీ ఒకేసారి మెషిన్ మెమరీలో ఇమడాలి, లేకపోతే మీట నొక్కగానే పలకవు. ఎంత చోటుందో, ఏ ముక్క ఎంత తింటుందో అక్క లెక్క కట్టింది. తాతయ్య పిలుపులన్నీ, ఫ్యాను తిట్టుతో సహా, పట్టాయి. ఆ తిట్టు తీసెయ్యడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. ఇవి కాక ఆఖరున తన మాట ఒకటి. ఆఖరి బంతి లేచాక అది వినిపిద్దామని అక్క ఆశ. లెక్క ప్రకారం అదీ పట్టింది.

ఇక్కడి దాకా ఈ కథ నేను చాలామందికి చెప్పాను. కాలేజీలో చెప్పాను, ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పాను, ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకి ఏటా చెబుతున్నాను. అన్నిచోట్లా లాకుల దగ్గర గీతలు చూసి కనిపెట్టింది నేనే, నిచ్చెన అతికించింది నేనే. భారతక్క ఆ కథలో పక్కన నిలబడి మైకు పట్టుకుంటుంది. విన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక ఇది రాస్తున్నాను. నేను చేసిన పని ఒక్కటే. వ్రతం నాటి పొద్దున్న ప్రోగ్రాంలోంచి ఒక లైను కొట్టేశాను.

నా స్నేహితులు భోజనాలకి వస్తున్నారు. అంతా నేనే చేశానని వాళ్ళకి ముందే చెప్పుకున్నాను. ఆఖరి బంతి అయ్యాక మైకు సెట్టు గొట్టాల్లోంచి అక్క గొంతు వస్తే నా బతుకేం కాను? అక్క పట్టుచీర కట్టుకుని తాంబూలాల పళ్ళెంతో హడావిడిగా వెళుతుంటే ఆపి, మెమరీ చాలలేదక్కా, నీ ముక్క ఎక్కలేదు అన్నాను. ఆవిడ నిలబడిపోయింది. పట్టాలే మరి, అంది. పళ్ళెం అరుగు మీద పెట్టి, శుభలేఖ వెనక పెన్సిల్‌తో గబగబా లెక్క వేసింది. లోపల్నుంచి పెద్దమ్మ కేక. ఇంకోసారి వేసింది. మళ్ళీ కేక. "ఎక్కడో తప్పేశానురా" అని పెన్సిల్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నా మాట నమ్మింది, తన లెక్కని నమ్మలేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరూ మరిచిపోలేనిది. మైకు సెట్టు వీర్రాజు నిచ్చెన తీగని తన ఆంప్లిఫయర్‌కి కలుపుకున్నాడు. తాతయ్య మెడకి ఉత్తరీయం చుట్టుకుని గుమ్మంలో కూర్చున్నారు, ఒళ్ళో పలక. మాస్టారు వచ్చి కూర్చోగానే "మాస్టారండీ, భోజనానికి లేవండి". ఆయన ఎగిరిపడి, తాతయ్య నోటి వైపు చూసి, గొట్టం వైపు చూసి, చేతులు జోడించి లేచారు. కరణంగారు లేచారు. వదినగారు కళ్ళు తుడుచుకుంటూ లేచింది. పందిరంతా నవ్వులూ ఏడుపులూ. అప్పుడు బాబాయి మామగారు, తాతయ్యకి వియ్యంకులు, ముందు వరసలో పంకా ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని తన పిలుపు కోసం చూస్తున్నారు. నేను వరస మీట నొక్కాను. "బావగారండీ" అని పందిరి అదిరింది. తర్వాత నొక్కాల్సింది భోజనం మీట. నా వేలు పక్కకి జారింది. ఊరి మొత్తానికి వినిపించేలా తాతయ్య గొంతు, "ఫ్యాను ఆపరా వెధవా" అంది.

వడ్డించేవాళ్ళ చేతుల్లో బకెట్లు గాల్లో ఆగిపోయాయి. బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పెద్దాయన నెమ్మదిగా లేచారు. పంకా దగ్గరికి వెళ్ళి బొత్తాం నొక్కి ఆపారు. తాతయ్య ముందుకొచ్చి చేతులు కట్టుకుని, "ఆపేశానండి బావగారూ. ఇప్పుడు భోజనానికి లేవచ్చాండి?" అని అడిగారు. పందిరి విరగబడి నవ్వింది. తాతయ్య కూడా నవ్వారు. చప్పుడు లేని నవ్వు, భుజాలు అదిరిపోయేలా, కళ్ళ నీళ్ళు ఉత్తరీయంలోకి కారిపోయేలా. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ వేడిలోనే అందరూ ఎవరు చేశారు, ఎవరు చేశారు అని అడుగుతుంటే తాతయ్య పలక మీద అదే ప్రశ్న రాసి నాకేసి తిప్పారు. టేపు పట్టింది అక్క అని ఆయనకి తెలుసు గానీ, మెషిన్ పని జరిగినన్నాళ్ళూ ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. మెషిన్ ముందు కూర్చున్నవాణ్ణి నేను. అక్క లోపల ఆడవాళ్ళకి వడ్డిస్తోంది. తల ఊపాను. ఆయన తుడిచి మళ్ళీ రాశారు, కంప్యూటర్ వీడి గదిలో పెట్టండి అని. అది మేడ మీదికి వచ్చేసింది. నా స్నేహితులు ఎప్పుడూ ఉండే గది, అక్క రావడం తగ్గింది, తర్వాత మానేసింది. ఆ టేపు ఎప్పుడో నలిగి చుట్టుకుపోతే నాయనమ్మ పారేసింది. డిగ్రీ అయ్యాక పెదనాన్న కాకినాడలో కంప్యూటర్ కోర్సుకి పరీక్ష రాస్తావా అని అడిగితే, ఉన్న చోటులో ఏం పడుతుందో కూడా చెప్పలేనిదాన్ని నాకెందుకు నాన్నా అందట. లెక్కలు చెప్పుకుంటోంది రావులపాలెంలో. మంచి పేరుంది. ఆ కోర్సు సంగతి నాకు పెదనాన్న చెప్పినప్పుడు నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. అవునా అన్నాను.

శ్రావ్య ఫైళ్ళు పంపిన వారం రావులపాలెం వెళ్ళాను. ట్యూషన్ నడుస్తోంది. అక్క వీపు నావైపు ఉంది. ఎవరో కుర్రాడు లెక్క తప్పినట్టున్నాడు, "ఒకసారి నేనూ గట్టిగా నమ్మిన లెక్క తప్పాను నాన్నా. అందుకే రెండోసారి చూసుకోమంటాను" అంటోంది. ఏ లెక్క మేడమ్ అని అడిగితే ఒక పెళ్ళివారింటి లెక్కలే అని నవ్వేసింది. ఎన్నేళ్ళుగా ఆ మాట చెబుతోందో. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. లారీల్లోకి గెలలు ఎక్కిస్తున్న వాసన, ఆ జిగురు వాసన, ఏం మారలేదు. పక్క ఇంట్లో ఎవరో పాప ఫోనుని ఏదో అడిగితే అది తెలుగులో గలగలా జవాబు చెబుతోంది, వంటింట్లోంచి గరిటె పట్టుకుని ఎవరూ పరుగెత్తుకు రాలేదు.

పిల్లలకి కాసేపు విరామం ఇచ్చాక లోపలికి వెళ్ళి, కాఫీ కూడా వద్దని, నిలబడే చెప్పాను. "అక్కా, ఆ రోజు నీ లెక్క తప్పలేదు. పట్టింది. నేనే తీసేశాను."

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఫైళ్ళు ఒక్కోటీ ఎంతెంత ఉన్నాయో చదవమంది. నేను లాప్‌టాప్ చూసి చదువుతుంటే బోర్డు మీద ఒకదాని కింద ఒకటి వేసుకుంటూ వెళ్ళింది. కూడింది. మెషిన్లో ఎంత చోటుండేదో గుర్తుంది ఆవిడకి, అది పైన వేసి తీసివేసింది. చాక్‌పీసు బోర్డు మీద అలాగే ఆగిపోయింది. "ఇంకా మిగిలిందిరా" అంది, చిన్నగా. ఆ అంకె కింద గీత గీసి, అదే గొంతుతో, "శుభలేఖ మీద కూడా ఇదే వచ్చింది" అంది.

ఆఖరి ఫైలు వినిపించాను. గరగర. తర్వాత సిగ్గుపడుతున్న ఒక ఆడపిల్ల గొంతు: "మా తాతయ్యని మీ అందరితో మాట్లాడించింది, భారతి." అక్క నవ్వింది. ఎంత సన్నగా ఉండేదిరా నా గొంతు అంది. మళ్ళీ వేయమంది. తర్వాత లాప్‌టాప్ తనవైపు లాక్కుని ఇంకేం ఉన్నాయో చూసుకుంటూ కూర్చుంది. శ్రావ్య రేపు రాజమండ్రి నుంచి వస్తోందట, దానికి నేనే వినిపిస్తాను అని మాత్రం అంది.

పిల్లలు లోపలికి వచ్చారు. బోర్డు మీది కూడిక చూసి ఇదెక్కడి లెక్క మేడమ్ అన్నారు. అక్క చాక్‌పీసు నా చేతిలో పెట్టి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని, ఆఖరి బెంచీలో వాళ్ళ మధ్య కూర్చుంది. చెప్పమన్నట్టు చూసింది. ఈ లెక్క మీ మేడమ్‌గారిది అన్నాను. ఇందులో తప్పు లేదు అన్నాను. ఆ తర్వాత మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, తల మీద పంకా వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు వెనక బెంచీలోంచి, నిండుగా, నిదానంగా, మా తాతయ్య, "ఫ్యాను ఆపరా వెధవా" అన్నారు. పిల్లలందరూ ఘొల్లున నవ్వారు. నేను వెళ్ళి ఫ్యాను ఆపి వచ్చి, మొదటి నుంచి చెప్పాను.